పరాయి లిపిలోని పుటలు: ఒకే డిస్కులో రెండు వ్యవస్థలు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రాలన్నిటిపైన ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా సాధనము, కొంత కొత్త తరపు ప్రాసెసరు దానికి కావలెను. కళాశాలల ప్రయోగశాలలలో పది పన్నెండేండ్లుగా పనిచేయుచున్న యంత్రాలలో సాధారణంగా ఇవి ఉండవు. యంత్రము చెడిపోలేదు; దానిపై నడచు వ్యవస్థకే వయస్సు చెల్లినది. ఇట్టి స్థితిలో అనేక విద్యాసంస్థలు అనుసరించు మార్గమొకటి ఉన్నది: అదే యంత్రంలో విండోస్ ప్రక్కనే లైనక్సును కూడ నెలకొల్పుకొని, ఇంటర్నెట్ పనులన్నీ లైనక్సులో చేసికొనుట. విండోస్‌ను పూర్తిగా తొలగించుదమన్నచో మన వంటి రెండు భాషల కళాశాలకు అది సులభము కాదు. ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లోను, తెలుగు పుటలను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోను కూర్చు అలవాటు ఇంకను పోలేదు. ఇవన్నీ విండోస్ నీడన పెరిగినవే. కావున ఒకే డిస్కులో రెండు వ్యవస్థలు కాపురము చేయవలసి వచ్చును. అప్పుడు పుట్టు ప్రశ్న ఇది: ఒక వ్యవస్థలో కూర్చుండి, రెండవ వ్యవస్థ భాగంలో దాచుకొన్న మన ఫైళ్ళను తెరచుట ఎట్లు?

తెలుగు బోధించుకొను వారికి ఈ డిస్కుల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చును. కాని వార్షిక సంచికకు వ్యాసములు సేకరించు పనిలో మేము తరచుగా వినుచున్న మాట ఒకటి ఉన్నది: "సార్, నా వ్యాసం ఆ వైపు ఉండిపోయింది, ఈ వైపు కనిపించడం లేదు." కనిపించనిది పోయినదని భావించి మరల మొదటి నుండి వ్రాసిన వారున్నారు. కనిపించనిది ఖాళీయని భావించి తుడిచివేసిన వారును ఉన్నారు. మొదటి వారికి శ్రమ మాత్రమే నష్టము. రెండవ వారి కొరకే ముఖ్యంగా ఈ వ్యాసము.

డిస్కు అనగా వరుసగా అంకెలు వేసిన గళ్ళు. ఒక్కొక్క గడిలో 512 బైట్లు గాని, కొన్ని కొత్త డిస్కులలో 4096 బైట్లు గాని పట్టును. ఏ గడి నుండి ఏ గడి వరకు ఒక విభాగము, అనగా ఒక పార్టిషన్, అన్నది డిస్కు మొదట ఉండు చిన్న పట్టికలో వ్రాసి ఉంటుంది. 1983లో పీసీ డాస్ 2.0తో పాటు వచ్చిన పాత పద్ధతి పట్టికలో నాలుగు ప్రధాన విభాగములకే చోటు. ఇప్పటి జీపీటీ పట్టికలో సాధారణంగా 128 విభాగములకు చోటుండును. ఈ పట్టికను విండోస్ చదువగలదు, లైనక్సు చదువగలదు. విభాగముల నడుమ నిజమైన గోడ ఏదియు లేదు. పొలములో గట్టు లేకున్నను పాసు పుస్తకములో సర్వే నంబరు ఉన్నట్లే, పట్టికలో వ్రాసిన హద్దు మాత్రమే ఉన్నది. లైనక్సు నడచుచుండగా విండోస్ విభాగములోని ఏ గడినైనను తెరచి చూచుటకు అడ్డు లేదు.

మరి కొరత ఎక్కడ? గళ్ళలో ఉన్నది తెలియుటకు విభాగము లోపల మరియొక చిట్టా కావలెను. ఫలానా పేరు గల ఫైలు ఏయే గళ్ళలో ముక్కలుగా ఉన్నది, దాని నిడివి ఎంత, ఏ తేదీన మారినది, ఏ గళ్ళు ఇంకను ఖాళీ - ఇవన్నీ వ్రాసికొను పద్ధతికి ఫైల్ సిస్టమ్ అని పేరు. విండోస్ తన చిట్టాను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో వ్రాసికొనును. లైనక్సు సాధారణంగా ఈఎక్స్‌టి4 అనే పద్ధతిలో వ్రాసికొనును. హైదరాబాదు సంస్థానపు పాత భూమి రికార్డులు ఉర్దూలో ఉండుట మన జిల్లాల వారెల్లరు ఎరిగినదే. ఉర్దూ రాని తెలుగు రైతు ఆ కాగితము చేతబట్టి "ఇందులో ఏమియు లేదు" అనడు. చదువ తెలిసిన మున్షీని వెదకికొని పోవును. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇట్టి మున్షీ పని చేయు చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అందురు. పరాయి విభాగమును తెరచుట అనగా ఆ చిట్టా లిపి తెలిసిన డ్రైవరును సమకూర్చుకొనుట. ఇంతకు మించిన మర్మము ఇందులో లేదు.

అయితే రైతుకు ఉన్న వివేకము విండోస్‌కు లేదు. లైనక్సు పద్ధతిలో నిండియున్న బాహ్య డిస్కునో పెన్ డ్రైవునో దానికి తగిలించినప్పుడు, ఆ లిపి తనకు రాదని చెప్పుటకు మారుగా, ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయమందురా అని అడుగును. ఆ ప్రశ్నను చదివిన వానికి డిస్కు చెడిపోయినదనియో, క్రొత్తదనియో తోచుట సహజము. మా ఎరుకలోని ఒక విద్యార్థి ప్రాజెక్టు నివేదిక యావత్తు ఇట్లే ఒక్క నొక్కుతో పోయినది. పరీక్షకు పదునాలుగు దినములుండగా అతడు మరల సర్వే ప్రశ్నావళులు పట్టుకొని ఇల్లిల్లు తిరిగినాడు. అట్టి ప్రశ్న కనబడినప్పుడు రద్దు అన్న బొత్తామును నొక్కి, డిస్కును తీసి, లైనక్సు యంత్రములో పెట్టి చూడవలెను. పొరపాటున ఫార్మాట్ జరిగినను వెంటనే ఆశ విడువనక్కర లేదు. త్వరిత ఫార్మాట్ కొత్త ఖాళీ చిట్టాను మాత్రమే వ్రాయును. తిరుగు పళ్ళెముల పాత హార్డ్ డిస్కులో అసలు గళ్ళలోని సరుకు చాల భాగము అట్లే ఉండును. దానిపై మరేదియు వ్రాయకుండ టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అను ఉచిత ప్రోగ్రాములతో ప్రయత్నించిన యెడల చాలవరకు దొరకవచ్చును. కొత్త ఎస్‌ఎస్‌డీలలో మాత్రము ఖాళీయని ప్రకటించిన గళ్ళను డిస్కు తానే శుభ్రము చేసికొనును గనుక ఆ ఆశ బహు స్వల్పము.

ఇక లైనక్సులో నుండి విండోస్ విభాగమును తెరచు సంగతి. దీనికొక ముచ్చటైన చరిత్ర ఉన్నది. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లైనక్సును 1991లో లోకానికి విడుదల చేసెను. ఈఎక్స్‌టి కుటుంబములో మొదట స్థిరపడిన ఈఎక్స్‌టి2, మైక్రోసాఫ్ట్ వారి ఎన్‌టీఎఫ్‌ఎస్ - రెండును 1993లోనే వెలువడినవి. మొదటి దాని లోపలి అమరికను ఎవరైనను చదువవచ్చును, ఏలయనగా దాని మూల రచన బహిరంగము. రెండవ దాని పూర్తి వివరణను మైక్రోసాఫ్ట్ ప్రకటింపలేదు. కావున లైనక్సు వారు నిండిన డిస్కులను ముందుంచుకొని, ఏ బైటు మారిన ఏమి జరుగునో గమనించుచు, తెలియని లిపిలోని శాసనమును పరిష్కరించు పండితుని వలె ఒక్కొక్క అంశమును ఊహించి స్థిరపరచుకొన్నారు. 1990ల చివరకు చదువుట సాధ్యమైనది. వ్రాయుట మాత్రము చాల కాలము సాధ్యము కాలేదు. చెక్ దేశీయుడైన యాన్ క్రాతోఖ్విల్ దీనికొక చమత్కారపు ఉపాయము పన్నెను. లిపి నేర్చుకొనుటకు మారుగా మైక్రోసాఫ్ట్ వారి డ్రైవరునే తెచ్చి లైనక్సులో కూర్చుండబెట్టి పని చేయించెను. అనగా ఎదుటి వారి మున్షీనే కూలికి కుదుర్చుకొనెను. ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరు క్యాప్టివ్, అనగా బందీ! అది నడచినది గాని బహు నిదానము. 2007లో హంగరీ దేశీయుడు సాబొల్చ్ సాకాచిచ్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అను డ్రైవరు యొక్క నమ్మదగిన రూపమును విడుదల చేయుటతో వ్రాయుట కూడ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. 2021లో పారగాన్ సంస్థ తన డ్రైవరును ఇచ్చుటతో ఆ విద్య లైనక్సు 5.15 కెర్నెల్‌లోనే చేరిపోయినది.

ఈ శ్రమ ఫలము నేడు ఉబుంటులోనో మింట్‌లోనో ఒక నొక్కుగా మన చేతికి అందుచున్నది. ఫైళ్ళను చూపు కిటికీలో ఎడమ వైపున విండోస్ విభాగము తన పేరుతో గాని, ఇన్ని జీబీల విభాగమని గాని కనిపించును. దానిని నొక్కి, అవసరమైన చోట పాస్‌వర్డు ఇచ్చినచో తెరచుకొనును. విండోస్‌లో వలె సీ, డీ అను అక్షరములు ఇక్కడ ఉండవు. లైనక్సులో ఉన్నదంతయు ఒకే చెట్టు. ఇతర విభాగములు దాని కొమ్మలకు అంటు కట్టబడును. ఆ అంటు కట్టుటకే మౌంట్ చేయుట అని పేరు. పని ముగిసిన పిమ్మట అంటు విడదీయుట, అనగా అన్‌మౌంట్ చేయుట, మరువరాదు. వ్రాసినదంతయు డిస్కు పైకి చేరుట కొంత ఆలస్యముగా జరుగును. పెన్ డ్రైవును ఊరకే లాగివేసినచో చివరి పుటలు గాలిలో ఉండిపోవును.

ఇక్కడొక చిక్కు వచ్చును. దీనిని కొంత వివరముగా చెప్పక తప్పదు. కొన్నిసార్లు విండోస్ విభాగము తెరచుకొనును గాని దానిపై ఏమియు వ్రాయనీయదు. కొన్నిసార్లు తెరచుకొననే తెరచుకొనదు. విద్యార్థులు దీనిని లైనక్సు దోషమని తలంతురు. నిజమునకు కారణము విండోస్ వైపున ఉన్నది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి త్వరిత ప్రారంభము, అనగా ఫాస్ట్ స్టార్టప్, అను ఏర్పాటు ఉన్నది. దాని వలన షట్‌డౌన్ అన్న మాట నొక్కినను విండోస్ పూర్తిగా పడుకొనదు. తన మెదడులోని లోపలి భాగమును ఉన్నదున్నట్లు డిస్కుపై వ్రాసికొని, మరునాడు అక్కడి నుండే లేచును. ఆ వ్రాసికొన్న దానిలో డిస్కు చిట్టాకు సంబంధించిన జ్ఞాపకము కూడ ఉండును. గుమాస్తా ఖాతా పుస్తకమును బల్లపై తెరచియుంచి, సగము లెక్కను మనస్సులో పెట్టుకొని భోజనమునకు పోయినాడనుకొందము. ఆ మధ్యలో మనము అదే పుస్తకములో నాలుగు పద్దులు వ్రాసితిమి. అతడు తిరిగివచ్చి తన మనస్సులోని లెక్కనే నమ్మి మన పద్దుల మీదుగా వ్రాసికొనుచు పోవును. మన పద్దులు పోవుట అటుంచి, పుస్తకమే పాడగును. దీనిని ఎరిగియే లైనక్సు డ్రైవర్లు నిద్రలో ఉన్న విండోస్ విభాగమును చదువుటకు మాత్రమే తెరచును.

దీనికి తగిన పని విండోస్‌ను నిజముగా మూసివేయుట. షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి, యంత్రము లేచునప్పుడు లైనక్సును ఎన్నుకొనిన చాలును. రీస్టార్ట్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా మూతపడును. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి షట్‌డౌన్ చేసినను అంతే. రెండు వ్యవస్థలున్న యంత్రములలో కంట్రోల్ ప్యానెల్ లోని పవర్ ఆప్షన్స్‌లో త్వరిత ప్రారంభమును శాశ్వతముగా తీసివేయుట ఉత్తమమని మా అభిప్రాయము. ప్రొద్దున కొన్ని క్షణములు ఆలస్యమగును, అంతే గదా. నిద్రించు విండోస్ జ్ఞాపకమును చెరపివేసి బలవంతముగా వ్రాయనిచ్చు ఉపాయము కూడ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలో ఉన్నది. కొందరు దానిని గొప్పగా చెప్పుకొందురు. విండోస్‌ను హైబర్నేట్ చేసి వదలిన యంత్రములో ఎవరిదో భద్రపరచని పని ఉన్నచో, ఆ ఉపాయము వలన అది పోవును. పలువురు కూర్చుండు ప్రయోగశాలలో అది తగదు. చదువుట వేరు, వ్రాయుట వేరు. ఇతరుల విభాగమును చదువుట మాత్రమే అయినచో దాదాపు ఏ ప్రమాదమును లేదు. వ్రాయదలచినచో ఆ విభాగపు యజమాని దానిని మూసిపెట్టి పోయినాడా లేదా అన్నది ముందుగా తెలిసికొనవలెను.

విండోస్‌లో నుండి లైనక్సు విభాగమును చూచుట ఇంకను కష్టము. లిపి బహిరంగముగానే ఉన్నను, విండోస్ తనంతట దానిని నేర్చుకొనలేదు. బయటి వారు చేసిన డ్రైవర్లు కొన్ని ఉన్నవి. వాటితో చదువుకొనుటే గాని వ్రాయుటకు మేము సలహా ఇయ్యము. విండోస్ 11లో, లోపలనే ఒక లైనక్సును నడపు డబ్ల్యూఎస్‌ఎల్ 2 అను ఏర్పాటు ద్వారా ఈఎక్స్‌టి4 డిస్కును తెరచుటకు మైక్రోసాఫ్ట్ వారే వీలు కల్పించినారు. కాని దానికి డిస్కును మొత్తముగా అప్పగించవలెను, విభాగమును మాత్రము ఇచ్చుటకు వీలు లేదు. విండోస్ ఏ డిస్కు నుండి లేచినదో ఆ డిస్కును అప్పగించుట అసలే కుదరదు. ఒక్కటే డిస్కు గల మన యంత్రములకు ఈ దారి మూసినట్లే. కావున రెండు వైపుల రాకపోకలన్నీ లైనక్సు వైపు నుండి జరుపుకొనుట సుఖము.

భాషా విద్యార్థులకు ఆసక్తి గల విషయమొకటి ఇందులో ఉన్నది. విండోస్ విభాగములో తెలుగు పేరుతో ఉన్న ఫైలును లైనక్సు విభాగములోనికి తెచ్చునప్పుడు ఒక్కొక్కసారి "పేరు మరీ పొడవు" అని నిరాకరణ వచ్చును. అదే పేరు అక్కడ పట్టినది, ఇక్కడ పట్టదేమి? ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరును యూనికోడ్ సంకేతముల లెక్కన కొలుచును. 255 వరకు పట్టును. ఈఎక్స్‌టి4 కూడ 255 వరకే గాని బైట్ల లెక్కన కొలుచును. లైనక్సులో వాడుక అయిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. అనగా తెలుగు పేరు 85 సంకేతములు దాటరాదు. ఉర్దూ పేరు 127 వరకు పోవచ్చును. 85 అన్నది ఎక్కువే అనిపించవచ్చును. కాని తెలుగులో గుణింతము, ఒత్తు, హల్లు వేర్వేరు సంకేతములు. "స్త్రీ" అన్నది మనకు ఒక్క అక్షరమే. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘము కలిసి ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు. వ్యాస శీర్షికనంతటిని ఫైలు పేరుగా పెట్టు అలవాటు గలవారు దీనిని గమనింపవలెను. పెద్దబడి చిన్నబడి భేదమును గూర్చిన తగాదా - లైనక్సు వాటిని వేర్వేరు పేర్లుగా భావించును, విండోస్ ఒక్కటిగా భావించును - మన రెండు భాషల లిపులకు లేనే లేదు. పేర్లలో ప్రశ్నార్థకము, రెండు చుక్కల విరామము వాడకుండుట మేలు. లైనక్సు ఒప్పుకొన్నను విండోస్ వాటిని ఒప్పుకొనదు.

ఈ చిక్కులన్నిటిని తగ్గించుకొనుటకు ప్రయోగశాలలో ఆచరించదగిన పద్ధతి, రెండు వ్యవస్థల విభాగములతో పాటు మూడవదొకటి ఉమ్మడిగా పెట్టుకొని, విద్యార్థుల ఫైళ్ళన్నీ అందులోనే ఉంచుట. దానికి ఏ ఫైల్ సిస్టమ్ మంచిది? 1996 నాటి ఫ్యాట్32ను అందరును చదువుదురు గాని, నాలుగు జీబీలకు మించిన ఫైలు అందులో పట్టదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరణను ప్రకటించుటతో లైనక్సు కెర్నెల్‌లోను చేరినది. పెన్ డ్రైవులకు అదే తగినది. అయితే చేయబోవు మార్పును ముందుగా వ్రాసిపెట్టుకొను జర్నల్ అను చిట్టా ఎక్స్‌ఫ్యాట్‌లో లేదు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో కోలుకొనుట కష్టము. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు చేతులెత్తునో తెలియని గదిలో, ఉమ్మడి విభాగమునకు ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడుటయే మేలు. చెడినప్పుడు సరిచేయు చెక్‌డిస్క్ అను వైద్యుడు ప్రక్కనున్న విండోస్‌లోనే దొరుకును. లైనక్సులో దానికి సమానమైన పూర్తి చికిత్స లేదు. ఉమ్మడి విభాగమునకు పేరు కూడ పెట్టవలెను. పేరు లేని విభాగమే ఫార్మాట్‌కు మొదట గురియగును.

చిన్న విషయమొకటి. రెండు వ్యవస్థలున్న యంత్రములో విండోస్ గడియారము అయిదున్నర గంటలు వెనుకబడి కనిపించిన బ్యాటరీని మార్చనక్కర లేదు. లైనక్సు యంత్రపు గడియారములో అంతర్జాతీయ కాలమును ఉంచును, విండోస్ దానినే స్థానిక కాలమని చదువును. లైనక్సుకు కూడ స్థానిక కాలమే ఉంచమని చెప్పినచో సరిపోవును.

కమిటీ పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలసినది చివరకు ఉంచితిమి. ఇంతవరకు చెప్పినదంతయు విద్యార్థికి సౌకర్యము. అదియే కార్యాలయమునకు ప్రమాదము. విండోస్‌లోనికి ప్రవేశించుటకు పాస్‌వర్డు ఉన్నది గనుక లోపలి మార్కుల జాబితాలు, విద్యార్థుల ఆధార్ ప్రతులు, ఫీజు లెక్కలు భద్రమని తలంతుము. లైనక్సు నింపిన పెన్ డ్రైవుతో యంత్రమును లేపిన వానిని ఆ పాస్‌వర్డు అడుగదు. పాస్‌వర్డు విండోస్ అను ద్వారపాలకునిది. లైనక్సు ఆ ద్వారము గుండా రాదు. ఫైళ్ళపై విండోస్ ఉంచిన అనుమతులను కూడ అది మామూలుగా లెక్కచేయదు. కార్యాలయపు యంత్రములకు విభాగమునే గూఢలిపిలోనికి మార్చు బిట్‌లాకర్ వంటి ఏర్పాటు ఉండవలెను. అప్పుడు పరాయి వ్యవస్థకు డ్రైవరు ఉన్నను, తాళపుచెవి లేనిదే అర్థము లేని బైట్లే కనిపించును. తాళపుచెవి ఉన్నవానికి లైనక్సులోను అది తెరచుకొనును.

అయితే బిట్‌లాకర్ పెట్టినప్పుడు 48 అంకెల రికవరీ సంఖ్య ఒకటి వచ్చును. మదర్‌బోర్డు మార్చినను, యంత్రము లేచు క్రమములో మార్పు చేసినను - ప్రక్కన లైనక్సును నెలకొల్పుట కూడ అట్టి మార్పే - విండోస్ ఆ సంఖ్యను అడుగవచ్చును. అది పోయినచో మైక్రోసాఫ్ట్ వారైనను తెరువలేరు. కొన్ని యంత్రములలో ఈ గూఢలిపి మనము కోరకయే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు ఆరంభమగును. సంఖ్య ఆ ఖాతాలోనే దాగి ఉండును. ఖాతా తెరచిన గుమాస్తా బదిలీ అయి వెళ్ళిన తరువాత దానిని వెదకుట ఎవరి తరము? కావున లైనక్సును నెలకొల్పుటకు ముందే ప్రతి యంత్రపు సంఖ్యను కాగితముపై వ్రాయించి, యంత్రపు నంబరుతో సహా, ప్రిన్సిపాలు గారి గదిలోని ఇనుప బీరువాలో స్టాకు రిజిస్టరుతో పాటు ఉంచవలెను. ఆ పని జరిగిన యంత్రములలోనే రెండవ వ్యవస్థను ఎక్కించుట మంచిది.